మర్ఫా దరువు, తేలియా రుమాల్: ఓ చిన్న హైదరాబాదీ స్ట్రీట్‌వేర్ డ్రాప్ కేస్ స్టడీ

నేను చేసేది ప్రొడక్షన్ పని. ఎవరికైనా చిన్న బట్టల బ్రాండ్ పెట్టాలని ఉంటే గుడ్డ ఎక్కడ దొరుకుతుంది, ప్యాటర్న్ ఎవరు తీస్తారు, ఏ ప్రింట్ ఉతికితే నిలుస్తుంది, రేటు ఎంత పెడితే గిట్టుబాటు అవుతుంది, ఇవన్నీ చూసి పెడతా. ఈ కేస్‌లో క్లయింట్లు ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు బీట్లు చేస్తాడు, ఓల్డ్ సిటీలో పెరిగాడు. ఇంకొకడు గ్రాఫిక్ డిజైనర్, వాళ్ళ అమ్మమ్మ వాళ్ళది నల్గొండ సైడ్. బ్రాండ్ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు, పని ఎలా జరిగిందో రాసుకోమన్నారు.

వాళ్ళు పట్టుకొచ్చిన ఐడియా ఇది: మర్ఫా మీద ఒక డ్రాప్ (అంటే కొద్ది పీసులే చేసి ఒకేసారి వదిలే బట్టల సెట్), బ్లాక్ హూడీ, వెనకాల చార్మినార్, దాని మీద ఉర్దూ కాలిగ్రఫీలో మర్ఫా అని, ఛాతీ మీద చిన్న డోలు బొమ్మ. డ్రాయింగ్ బానే ఉంది, కుర్రాడి చేతిలో పనుంది. కానీ చార్మినార్, ఇరానీ చాయ్, బిర్యానీ హండీ, ఈ మూడూ వేసిన టీషర్టులు హైదరాబాద్‌లో ఎయిర్‌పోర్ట్ షాపు నుంచి ఫుట్‌పాత్ దాకా దొరుకుతాయి, ఇంకొకటి ఎందుకు? పైగా ఈ ఊళ్ళో హూడీ వేసుకునేది మహా అయితే రెండు నెలలు, మిగతా ఏడాదంతా స్టాక్ కార్టన్లలో పడుకుంటది. అందుకే ముందు హూడీ పక్కన పెట్టించా. మర్ఫా మాత్రం ఉంచమన్నా, ఎందుకంటే వాళ్ళకి తెలియకుండానే మంచి తీగ పట్టుకున్నారు.

మర్ఫా అంటే తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. హైదరాబాద్ పెళ్ళి బరాత్‌లో డోళ్ళు, వాటి పక్కన స్టీల్ బిందె మీద కర్రలతో టకటకా కొట్టే వాయిద్యం, మధ్యలో కత్తులు, కర్రలు తిప్పుతూ డాన్సు చేసే కుర్రాళ్ళు, అదీ మర్ఫా. ఇది యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు నిజాం సైన్యంలో పని చేయడానికి వచ్చినప్పుడు వాళ్ళతో పాటు వచ్చిన సంగీతం. హైదరాబాద్‌లో బార్కస్ అనే పేట పేరు బ్యారక్స్ నుంచే వచ్చింది, మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. 1948 తర్వాత ఆ సైన్యం పోయింది, దరువు మిగిలింది, ఇప్పుడు పెళ్ళి ఏ మతం వాళ్ళదైనా బరాత్‌లో అది ఉండాల్సిందే.

మర్ఫాకి జోడీగా నేను వాళ్ళకి చెప్పింది తేలియా రుమాల్. ఇది చీరాలలో పుట్టిన గుడ్డ. నూలుని నూనెలో, ఆముదం కాయల బూడిద కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఆ తర్వాత ఎరుపు, నలుపు అద్ది నేస్తారు. నూనె పట్టిన నూలుకి అలిజరిన్ అనే రంగు ఎరుపు గట్టిగా పడుతుంది, అదీ అసలు రహస్యం. ఈ చదరపు గుడ్డలు ఓడలెక్కి గల్ఫ్ దేశాలకి పోయేవి, అక్కడ తలకి చుట్టుకునేవాళ్ళు, ఇక్కడేమో జాలర్లు, పశువుల కాపర్లు తలగుడ్డగా, లుంగీగా వాడేవాళ్ళు. అంటే ఎండలో పని చేసే మనిషి వేసుకున్న బట్ట, స్ట్రీట్‌వేర్ అంటే ఇంతకన్నా ఏముంటది. 1930ల నాటికి దీని మీద ఏనుగులు, సింహాలతో పాటు విమానాలు, గడియారాలు కూడా నేశారు, అప్పటి కొత్త వస్తువులన్నీ గుడ్డ మీదకి ఎక్కించేశారన్నమాట. చీరాల నుంచి ఈ పని నల్గొండ వైపు పుట్టపాకకి వచ్చింది, ఇప్పుడు దీనికి ఎక్కువ పేరు ఆ ఊరిదే, గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చాయి. 2020లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు వస్తువని ఆ పేరుకి చట్టం ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. దరువు అరేబియా నుంచి ఇటు వచ్చింది, రుమాల్ ఇక్కణ్ణుంచి అటు పోయింది. బీట్ల కుర్రాడు ఇది విని, బార్కస్‌లో ఇప్పటికీ గళ్ళ లుంగీలు కట్టుకుని తిరిగే పెద్దాళ్ళని చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు అన్నాడు. అక్కడితో చార్మినార్ పోయింది.

గుడ్డని కోయాలా వద్దా

డిజైనర్ కుర్రాడి మొదటి స్కెచ్‌లో రుమాల్‌ని ముక్కలు చేసి జేబుకి ఒకటి, కాలర్‌కి ఒకటి, చేతికి ఒక స్ట్రిప్ పెట్టాడు. ప్యాచ్‌వర్క్ స్టయిల్ అన్నమాట, బయట ఇదే ఎక్కువ నడుస్తుంది. కాకపోతే పుట్టపాకలో మేం మాట్లాడిన నేత పెద్దాయన స్కెచ్ చూసి, "గిట్ల కోసేదుంటే నా దగ్గరికెందుకు బిడ్డా, ప్రింట్ గుడ్డ కొనుక్కోండ్రి, గిది కోస్తే పేలికె అయితది" అన్నాడు. ఆయన సెంటిమెంట్‌తో అనలేదు, లెక్కతో అన్నాడు. తేలియాలో పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) రెండూ ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు, నేసేటప్పుడు రెండు రంగులూ కరెక్టుగా ఒకదాని మీద ఒకటి పడితేనే బొమ్మ వస్తుంది. అంత పని చేసి అంచు, మధ్య చదరం, మూలలు అన్నీ ఒక లెక్కలో తెచ్చిన గుడ్డని జేబు సైజుకి కోస్తే ఆ లెక్కకి మీరు డబ్బులిచ్చి దాన్నే చెత్తబుట్టలో వేసినట్టు.

కోయడం పాపమని రూలేం లేదు. నైజీరియాలో కలబరి అనే తెగ వాళ్ళు మద్రాసు గళ్ళ గుడ్డ తెప్పించుకుని, అందులోంచి దారాలు కోసి లాగేసి తమ సొంత డిజైన్ తీస్తారు, ఆ పనికి వాళ్ళ దగ్గర పెద్ద గౌరవం. కానీ అక్కడ కోతే కళ. మనం చేసేదేమో కాస్ట్ తగ్గించుకోడానికి కోత. తేడా అది.

నేను చెప్పిన దారి ఏంటంటే, రుమాల్ ముక్కని బట్టకి సరిపోయేలా కోయడం కాదు, రుమాల్ చుట్టూ బట్ట కట్టడం. ఒక బాక్సీ హాఫ్ హ్యాండ్స్ షర్ట్, క్యాంప్ కాలర్, వీపు మీద ఒక పూర్తి చదరం, 54 సెంటీమీటర్లు బై 54, పైన యోక్ (భుజాల దగ్గర అడ్డంగా వచ్చే ముక్క), పక్కన సన్నటి సైడ్ ప్యానెల్స్. డ్రాప్ షోల్డర్ (భుజం కుట్టు చేతి మీదకి జారి ఉండే కట్) కాబట్టి చంక కోత చదరం జోలికి రాదు, సైడ్ ప్యానెల్‌లోనే అయిపోతుంది. స్మాల్ నుంచి డబుల్ ఎక్సెల్ దాకా చదరం ఒకటే, సైజు పెరిగేకొద్దీ సైడ్ ప్యానెల్ వెడల్పు, యోక్ ఎత్తు మాత్రమే పెరుగుతాయి. కటింగ్ మాస్టర్‌కి ఇది చెప్తే మొదట తల గోక్కున్నాడు, గ్రేడింగ్, అంటే సైజుని బట్టి ముక్కలు పెంచడం, ఎక్కడైనా అన్ని ముక్కలకీ కదా జరిగేది అని, పేపర్ మీద గీసి చూపించాక ఈ గుడ్డకి వేస్టేజీయే లేదు కదా అని వాడే సంతోషపడ్డాడు.

ఇంకో చిన్న విషయం, కానీ చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కుట్టుకి మార్జిన్ కావాలి, ఆ మార్జిన్ అంచు డిజైన్‌ని తినేస్తుంది. అందుకే నేసేటప్పుడే అంచు బయట నాలుగు వైపులా ఒకటిన్నర సెంటీమీటర్ ప్లెయిన్ వదలమని అడిగాం. పడుగు సాగదీయక ముందే ఇవన్నీ తేలాలి, పడుగుకి ముడులు కట్టేశాక ఒక్క గడి మార్చాలన్నా పని మొదటికొస్తుంది. ఫోన్లో కరెక్షన్లు పంపే డిజైనర్లకి ఇది అర్థం కావడానికి టైం పడుతుంది, మగ్గంలో అండూ బటన్ ఉండదు.

దరువుని గుడ్డలోకి ఎక్కించడం

ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాస్త సాగదీస్తా.

ఇక్కత్, అంటే ఇలా దారానికి ముందే ముడులు కట్టి రంగు అద్ది నేసే పని, చేసేవాళ్ళు డిజైన్‌ని గ్రాఫ్ కాగితం మీద వేస్తారు, ఒక్కో గడి అంటే ఒక దారాల కట్ట. బీట్ చేసే కుర్రాడి సాఫ్ట్‌వేర్‌లో కూడా గడులే, ఒక బార్‌కి 16 గడులు, ఎక్కడ దెబ్బ పడాలో అక్కడ క్లిక్. పుట్టపాకలో ఆ గ్రాఫ్ కాగితం చూడగానే వాడు, అన్నా ఇది నా స్క్రీనే కదా అన్నాడు. సరే అయితే మర్ఫా దరువునే అంచుగా నేద్దాం, గట్టి దెబ్బ పడ్డ చోట నలుపు, చిన్న దెబ్బకి ఎరుపు, ఖాళీకి తెలుపు. ఎలాగూ తేలియా రంగులు ఆ మూడే.

వాడు లాప్‌టాప్‌లో 16 గడుల్లో దరువు వేసుకుని, తెలిసిన మర్ఫా టీం దగ్గరికి తీసుకెళ్ళి వినిపించాడు. టీం పెద్దాయన విని నవ్వి, "యే హమారా నై భాయ్" (ఇది మాది కాదు తమ్ముడూ) అన్నాడు. దెబ్బలన్నీ ఉన్నాయి, ఊపు లేదు. వాళ్ళు వాయించిన దరువు మూడు మూడు మాత్రల లెక్కలో దొర్లుతుంది, 16 గడుల్లో పెట్టేసరికి అది మిలిటరీ మార్చ్ అయిపోయింది. గ్రిడ్‌ని 12 గడులకి మార్చి, వాళ్ళు వాయిస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో దెబ్బా గుర్తు పెట్టుకుంటూ పోతే అప్పుడు సరిపోయింది. కంప్యూటర్లో బీట్లు చేసేవాళ్ళు జానపద దరువుల్ని శాంపిల్ చేసినప్పుడు ఇది తరచూ జరుగుద్ది, సాఫ్ట్‌వేర్ దానంతటదే దరువుని తిన్నగా చేసేస్తుంది, మనకి అదే నీట్‌గా ఉందనిపిస్తుంది.

12 గడుల డిజైన్ తీసుకుని మళ్ళీ పుట్టపాక పోతే అక్కడ వేరే ముడి. ముడులు కట్టేటప్పుడు దారాన్ని మడత పెట్టి కడతారు, సగం డిజైన్‌కి కడితే మిగతా సగం అద్దంలో బొమ్మలా తిరగేసి వస్తుంది, పని సగం తగ్గుద్ది. అందుకే ఇక్కత్‌లో కుడి ఎడమలు ఒకేలా ఉండే డిజైన్లు ఎక్కువ. కానీ దరువుకి కుడి ఎడమ ఒకటి కాదు, తిప్పి వాయిస్తే అది ఇంకో దరువు. మడత లేకుండా కడతారా అంటే కడతాం, రేటు ఎక్కువైతది అన్నారు, న్యాయమే. అప్పుడు డిజైనర్ కుర్రాడికి తట్టింది: చదరం వీపు మీద ఉంటది కదా, దరువు వెన్నెముక దగ్గర మొదలై రెండు చేతుల వైపుకీ పోనీ. ఎడమ వైపు చదివినా, కుడి వైపు చదివినా మధ్యలోంచి మొదలుపెడితే దరువు కరెక్టే. మడత అలాగే ఉంది, దరువూ అలాగే ఉంది. ఆ ఐడియా నాది కాదు, వాడిదే, ఆ రోజు నుంచి వాడి మీద నాకు గౌరవం పెరిగింది.

పేక కట్టడానికి ఆసు పోయాలి, అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం మీద దారం అటూ ఇటూ వేలసార్లు తిప్పే పని, ఇళ్ళల్లో ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీద, భుజాల మీద పడిన పని అది. చింతకింది మల్లేశం గారు కనిపెట్టిన లక్ష్మి ఆసు మెషిన్ వచ్చాక చాలా ఇళ్ళల్లో ఆ బాధ తగ్గింది. కొందరు హ్యాండ్‌మేడ్ అని చెప్పుకోవాలి కాబట్టి మెషిన్ ఆసు వద్దంటారు. మేం ఆ ప్రశ్నే అడగలేదు. ఎవరి భుజం నొప్పో మన లేబుల్ మీద ఫీచర్ కాకూడదు.

మిగతా బట్ట

షర్ట్ ముందు భాగం, చేతులు, యోక్ అన్నీ నల్ల ప్లెయిన్ హ్యాండ్లూమ్ కాటన్. రెండు గుడ్డలూ కటింగ్‌కి ముందే నానబెట్టి నీడలో ఆరబెట్టాం, రెండూ ఒకే రకంగా కుంచించుకుపోవు కాబట్టి ఇది తప్పదు, లేకపోతే మొదటి ఉతుకుకే వీపు ముడుచుకుపోతుంది.

టీషర్ట్ తిరుప్పూర్ గుడ్డ, 240 జీఎస్ఎం (చదరపు మీటర్ గుడ్డ 240 గ్రాముల బరువు), ఓవర్‌సైజ్డ్. కిలో గుడ్డకి సుమారు మూడు టీషర్టులు వస్తాయని లెక్క వేసుకోండి. దాని మీద తేలియా డిజైన్ ప్రింట్ చేయలేదు, 12 గడుల దరువు గ్రిడ్ మాత్రమే, డిశ్చార్జ్ ప్రింట్‌లో. డిశ్చార్జ్ అంటే గుడ్డ రంగుని ఆ చోట తీసేసే ప్రింట్, చేతికి తగలదు, పగలదు. కానీ గుడ్డకి వేసిన నలుపు రియాక్టివ్ డై అయి ఉండాలి, సల్ఫర్ బ్లాక్ అయితే సరిగా రాదు, కొనేముందు మిల్లు వాడిని ఇది గట్టిగా అడగాలి, శాంపిల్ ముక్క మీద కొట్టి చూడాలి.

వాళ్ళకి ఇంకో కోరిక కూడా ఉండేది, తక్కువ రేటులో పాలిస్టర్ బండానా, తేలియా డిజైన్ ప్రింట్ చేసి తేలియా బండానా అని అమ్ముదామని. ఒప్పుకోలేదు. జీఐ ఉన్న పేరు అది, ప్రింట్ గుడ్డకి ఆ పేరు పెట్టడం చట్టప్రకారం చిక్కు, అది పక్కన పెట్టినా నేసినాయన పేరు షర్ట్ ట్యాగ్ మీద వేసి, అదే డ్రాప్‌లో ఆయన గుడ్డకి నకలు అమ్మితే ఆయన మొహం ఎలా చూస్తాం. 2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా వాళ్ళు కొల్హాపురి చెప్పులు పేరు చెప్పకుండా ర్యాంప్ మీదకి తెచ్చి ఎంత మాట పడ్డారో చూశాం కదా. బండానా బదులు నేసిన రుమాల్‌నే కోయకుండా విడిగా అమ్మకానికి పెట్టాం.

డబ్బుల లెక్క

సంగీతం వాళ్ళకి డబ్బులివ్వడంలో చిన్న బ్రాండ్లు ఎక్కువగా చేసేది ఒకసారి వీడియో షూట్‌కి ఇంత అని చేతిలో పెట్టి మర్చిపోవడం. పాత దరువుకి ఎవరూ ఓనర్ కాదు, నిజమే, కానీ ఆ రోజు వాళ్ళు వాయించిన వాయింపు మీద కళాకారులకి హక్కులుంటాయి, 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టంలో పెర్ఫార్మర్లకి రాయల్టీ మాట స్పష్టంగానే ఉంది. కాబట్టి షూట్ ఫీజు వేరు, వాళ్ళ దరువు ఉన్న ప్రతి పీస్ మీద చిన్న వాటా వేరు, ఒక పేజీ కాగితం మీద ఉర్దూలో, తెలుగులో రాసుకుని సంతకాలు. నేత ఇంటికి సగం అడ్వాన్స్, గుడ్డ చేతికి రాగానే మిగతాది. అమ్ముడుపోయాక ఇస్తాం అనే మాట మగ్గం ముందు అనకూడదు.

రేటు దగ్గర పెద్ద వాదన జరిగింది. వాళ్ళకి షర్ట్ 2,999 పెట్టాలని ఉంది, వినడానికి బాగుంటదని. 2025 సెప్టెంబర్ 22 నుంచి బట్టల మీద జీఎస్టీ పీస్ రేటు (పన్ను కలపక ముందు) 2,500 దాకా 5 శాతం, అది దాటితే 18. ఇప్పుడు లెక్క చూడండి. 2,999కి అమ్మితే 18 శాతం పోను చేతికొచ్చేది దాదాపు 2,541. అదే 2,625కి అమ్మితే 5 శాతం పోను 2,500. అంటే కస్టమర్ 374 రూపాయలు ఎక్కువ ఇస్తే బ్రాండ్‌కి మిగిలేది 41 రూపాయలు. ఆ మధ్యలో రేటు పెట్టడం దండగ. చేతి నేత చదరం ఉన్న షర్ట్ 2,625లో గిట్టదు, అందుకే మొహమాటం లేకుండా 3,899 పెట్టాం. టీషర్ట్ 1,299. షర్టులు వంద లోపే చేశాం, ఆ పడుగుకి వచ్చినన్నే.

బయట ఈ తరహా బ్రాండ్లు ఎలా నిలబడ్డాయో చూస్తే ఒక విషయం కనిపిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డైలీ పేపర్ అనే బ్రాండ్ ఉంది, ఘనా, సొమాలియా, మొరాకో మూలాలున్న ముగ్గురు స్నేహితులు బ్లాగుతో మొదలెట్టి 2012లో బట్టల్లోకి వచ్చారు. దానికన్నా ముందు 2004లో అదే ఊళ్ళో పట్టా, సురినామ్ మూలాలున్న హిప్ హాప్ మనుషులది. న్యూయార్క్‌లో 1992లో మొదలైన ఫుబు బట్టల్ని రాపర్ ఎల్ఎల్ కూల్ జే వేసుకుని తిరిగాడు, 1997లో వేరే కంపెనీ యాడ్‌లో కూడా ఫుబు టోపీ పెట్టుకుని కనపడ్డాడు. వీళ్ళందరికీ ముందు మనుషులున్నారు, తర్వాత బట్టలొచ్చాయి. ఇక్కడ చాలామంది ముందు లోగో చేసుకుని తర్వాత మనుషుల్ని వెతుకుతారు.

అమ్మకాలు, కంప్లయింట్లు

టీషర్టులు వెంటనే పోయాయి, అది ఊహించిందే. షర్టులు మెల్లగా పోయాయి, వీడియో బయటికొచ్చి మర్ఫా టీం వాళ్ళు వాళ్ళ స్టేటస్‌లలో పెట్టుకున్నాక స్పీడ్ అందుకున్నాయి. ఊహించనిది రుమాల్. కుర్రాళ్ళు కొంటారనుకుంటే నలభై దాటిన వాళ్ళు ఎక్కువ కొన్నారు, గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళ నుంచి కూడా అడిగారు, కొరియర్ ఖర్చు చూసి వెనక్కి తగ్గినవాళ్ళూ ఉన్నారు.

కంప్లయింట్లు రెండు రకాలు. ఒకటి, షర్ట్ నూనె వాసన వస్తుంది, సెకండ్ హ్యాండ్ పంపారా అని. రెండు, డిజైన్ అంచులు మసకగా ఉన్నాయి, ప్రింట్ తప్పు పడింది అని. ఇక్కత్‌లో రంగు ముడి కిందకి కొంచెం పాకుతుంది, ఆ మసకే చేతిపని ఆనవాలు, నూనె వాసనేమో ఆ గుడ్డ ఒంట్లోనే ఉంది, ఉతికేకొద్దీ తగ్గుద్ది. నిజానికి ఇప్పుడు తేలియా అని అమ్మేవాటిలో నూనె పనే లేకుండా మామూలు కెమికల్ రంగులతో నేసినవి చాలా ఉన్నాయి, వాసన రాకపోతే అనుమానించాలి. ఈ రెండు మాటలూ ట్యాగ్ మీద ముందు వైపే, తెలుగులో, పెద్దక్షరాలతో కొట్టించాం, చల్లటి నీళ్ళలో విడిగా ఉతకండి అన్న దానికన్నా పైన. రిటర్నులు దాదాపు ఆగిపోయాయి.

ఇప్పుడు చేతిలో ఉన్న పని వేరే. మర్ఫా టీం వాళ్ళే వచ్చి పెళ్ళిళ్ళ సీజన్‌కి తమకి అందరికీ షర్టులు కావాలన్నారు, వాటా డబ్బుల్లోంచి పట్టుకోమన్నారు. ఒకటే కండిషన్, చేతులు పైకెత్తి కర్ర తిప్పితే చంక దగ్గర పట్టేస్తుంది, షర్ట్ మొత్తం పైకి లేస్తుంది. చంకలో డైమండ్ ఆకారం గుస్సెట్ (చెయ్యి ఎత్తడానికి వీలుగా కలిపే చిన్న ముక్క) వేసి, స్లీవ్‌ని రెండు వేళ్ళు కురచ చేసి శాంపిల్ కుట్టించాం, దాన్ని వేసుకుని ఒక బరాత్ మొత్తం వాయించి చూసి చెప్తామన్నారు. గుస్సెట్ గుడ్డ సైడ్ ప్యానెల్ లోంచే వస్తుంది, చదరం జోలికి పోవట్లేదు.